అద్దె గోడలకి రాదు, కుర్చీకి వస్తుంది: ఏఐ కాలంలో ఆఫీసు బిల్డింగుల సంగతి

రాజమండ్రి దానవాయిపేటలో మా బావకి ఒక కాంప్లెక్స్ ఉంది. కింద మందుల షాపు, మొదటి అంతస్తులో డయాగ్నస్టిక్ సెంటర్, రెండో అంతస్తులో మెడికల్ బిల్లింగ్ ఆఫీసు. అమెరికా ఆస్పత్రుల బిల్లులు రాత్రిపూట ఇక్కడ తయారయ్యేవి. సాయంత్రం ఆరింటికి ధవళేశ్వరం నుంచి, కడియం నుంచి పిల్లలు బళ్ల మీద వచ్చేవారు, తెల్లారి వెళ్లేవారు. మొత్తం అరవై కుర్చీలు. పోయిన వేసవిలో ఆ ఆఫీసు మేనేజరు వచ్చి, "మాకింక సగం ఫ్లోర్ చాలండి, మిగతాది ఎవరికైనా ఇచ్చుకోండి" అన్నాడట. ఆ రాత్రే బావ ఫోన్ చేశాడు.

"ఏరా, కరోనాలో కూడా ఖాళీ చెయ్యనోళ్లు ఇప్పుడెందుకు చేస్తున్నారు? అడిగితే ఏఐ అంటున్నారు. నా మేడకీ దానికీ సంబంధం ఏంటి?"

ఆ ఆదివారం వెళ్లి చూశాను. సగం ఫ్లోర్‌లో లైట్లు తీసేశారు. ప్లైవుడ్ క్యాబిన్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదానికీ సీటు నంబరు స్టిక్కరు. హెడ్‌సెట్లు తగిలించే కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. బల్లల కింద నెట్ కేబుళ్లు చుట్టలు చుట్టి టేపు వేసి పెట్టారు. ఒక క్యాబిన్ గోడకి అమెరికా టైమ్ జోన్ల కాగితం ఇంకా అతికించే ఉంది. రెండేళ్ల క్రితం సంక్రాంతికి ముందు అదే ఫ్లోర్‌లో కుర్చీ చాలక ఇద్దరు పిల్లలు మెట్ల మీద కూర్చుని పని చేసుకోవడం నేను చూశాను.

బావ తన మేడని చదరపు అడుగుల్లో చూస్తాడు. మూడు వేల అడుగులు, అడుగుకి 25 రూపాయలు, నెలకి 75 వేలు. అద్దెకున్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకి కావాల్సింది గోడలు కాదు, మనుషులు కూర్చునే చోటు. మూడు వేల అడుగుల్లో అరవై మంది అంటే మనిషికి యాభై అడుగులు, కుర్చీకి నెలకి 1,250 రూపాయలు. పెద్ద కంపెనీల్లో ఈ చోటు బాగా ఎక్కువ. హైదరాబాద్‌లో 2019 ఆగస్టులో అమెజాన్ తెరిచిన క్యాంపస్ 9.5 ఎకరాల్లో ఉంది. 18 లక్షల చదరపు అడుగుల ఆఫీసు, 15 వేలకి పైగా ఉద్యోగులు అని అప్పట్లో ప్రకటించారు. భాగిస్తే మనిషికి సుమారు 120 అడుగులు వస్తుంది. అక్కడైనా దానవాయిపేటలోనైనా అద్దె పుట్టేది కుర్చీలోనే.

కాబట్టి ఒక కంపెనీ ఎంత ఆఫీసు తీసుకుంటుందో తేలాలంటే నాలుగు సంగతులు చూడాలి. పని ఎంత ఉంది, ఒక్కో పనికి ఎంతమంది మనుషులు కావాలి, వాళ్లలో రోజూ ఆఫీసుకి వచ్చేవాళ్లు నూటికి ఎంతమంది, వచ్చినవాళ్లకి ఒక్కొక్కరికి చోటు ఎంత. ఈ నాలుగూ గుణిస్తే వచ్చేదే కావాల్సిన చోటు, అద్దె దాన్ని బట్టే. కరోనా మూడో అంకెని మార్చింది. మనిషీ ఉన్నాడు, జీతమూ ఉంది, కుర్చీ ఒక్కటే ఆఫీసు నుంచి ఇంటికి మారింది. అందుకే చాలామంది తిరిగొచ్చారు. ఏఐ పట్టుకున్నది మొదటి రెండు అంకెలని. ఒకే పనికి మనుషులు తక్కువైతే రెండో అంకె పడిపోతుంది. ఆ పని చవకైతే కొత్త గిరాకీ పుట్టి మొదటి అంకె పెరగొచ్చు కూడా. ఒక అంకె కిందకి, ఇంకో అంకె పైకి లాగుతుంటే చివరికి ఎటు తేలుతుందన్నది ఊరిని బట్టి, పనిని బట్టి ఉంటుంది. "ఏఐ వస్తే ఆఫీసులు పోతాయి" అనేవాళ్లూ, "ఏమీ కాదు" అనేవాళ్లూ ఈ రెండు అంకెల్లో ఒక్కదాన్నే చూస్తున్నారని నా అభిప్రాయం.

బావ పై అంతస్తులో జరిగింది ఇదే. మెడికల్ బిల్లింగ్ అంటే బయటికి ఒకటే ఉద్యోగంలా కనిపిస్తుంది, లోపల నాలుగైదు పనులు. డాక్టరు రాసినదాన్ని చదివి జబ్బుకి కోడ్ ఇవ్వడం ఒకటి. చేసిన వైద్యానికి చార్జీలు ఎక్కించడం ఒకటి. క్లెయిమ్ పంపడం ఒకటి. డబ్బులు రాకపోతే ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి "మా క్లెయిమ్ ఎక్కడుంది?" అని అడగడం ఇంకొకటి, దాన్నే ఏఆర్ కాలింగ్ అంటారు. 2015 అక్టోబరు 1న అమెరికా జబ్బులకి కోడ్‌లిచ్చే ఐసీడీ-10 పద్ధతికి మారినప్పుడు జబ్బుల కోడ్‌లు 14 వేల నుంచి 68 వేల దాకా పెరిగాయి. మన దగ్గర డిగ్రీ చదివిన పిల్లలకి, ముఖ్యంగా బయోసైన్సెస్, ఫార్మసీ వాళ్లకి మెడికల్ కోడింగ్ ఒక బతుకుతెరువు అయింది.

ఇప్పుడు డాక్టరు నోట్ చదివి కోడ్ సూచించడం ఏఐ చేస్తోంది. ఏఆర్ కాలింగ్‌లో సగం టైమ్ ఫోన్ పట్టుకుని సంగీతం వింటూ వెయిట్ చెయ్యడమే కదా, ఆ వెయిటింగ్ కూడా మిషన్ గొంతే చేస్తోంది. మిగిలిందేంటంటే చిక్కుముడులు: క్లెయిమ్ తిరగ్గొట్టారు, ఎందుకు కొట్టారో చదివి, ఆస్పత్రితో మాట్లాడి, అప్పీలు రాసే పని. దానికి అనుభవం ఉన్నవాళ్లు కావాలి, కొద్దిమంది చాలు. అరవై కుర్చీలు ఇరవై ఎనిమిది అయ్యాయి. ఉద్యోగం మొత్తంగా మాయమవ్వలేదు. అందులోని పనులు విడిపోయి కొన్ని మిషన్‌కి, కొన్ని మనుషులకి వెళ్లాయి.

మన డెల్టాకి ఇది కొత్త కాదు. కెమెరా కన్ను మనుషుల పని తీసుకోవడం మనం రైస్ మిల్లుల్లో ఏనాడో చూశాం. మా ఊరి దగ్గర బాయిల్డ్ మిల్లు ఒకటి ఉంది. నా చిన్నప్పుడు దాని ముందు రెండెకరాల సిమెంటు కళ్లం. ఉడికిన ధాన్యాన్ని ఆరబోసి ఆడకూలీలు కాళ్లతో తిరగేస్తూ ఉండేవారు. వాన మబ్బు కమ్మితే పరుగులే. లోపల ఇంకొందరు చేటలతో రాయి, నల్ల గింజ ఏరేవారు. తర్వాత డ్రయ్యర్ వచ్చింది. ఆ తర్వాత సార్టెక్స్ వచ్చింది. బియ్యం పలుచటి పొరలా కాలువల్లోంచి జారుతుంటే కెమెరా ఒక్కో గింజనీ చూస్తుంది, రంగు తేడా ఉన్నదాన్ని గాలి ఊది పక్కకి తోసేస్తుంది. టక్ టక్ టక్ మని చెవి పక్కన వడగళ్లు పడ్డట్టు ఉంటుంది ఆ చప్పుడు.

అప్పుడు మిల్లు మూతపడలేదు. ఆడించే ధాన్యం పెరిగింది. కానీ బిల్డింగ్ మారిపోయింది. సార్టెక్స్‌కి దుమ్ము లేని ఏసీ గది కావాలి, కంప్రెసర్ కావాలి, కరెంటు లోడ్ పెంచాలి. కళ్లం అక్కర్లేకుండా పోయింది. ఆ రెండెకరాల్లో సగం గోడౌన్ అయింది, మిగతా సగంలో కల్యాణ మండపం కట్టారు. ఆరబెట్టిన ఆడవాళ్లలో కొందరు నర్సరీ పనికి కడియం వెళ్లారు, కొందరు రొయ్యల తలలు తీసే షెడ్లకి వెళ్లారు. మిల్లు లెక్కల పుస్తకంలో అది లాభం. వాళ్లకి మాత్రం పని దొరకడానికి పట్టిన రెండేళ్లు అప్పులు. ఏఐ గురించి మాట్లాడేటప్పుడు ఆ రెండేళ్లని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదనే నా బాధ.

కాలవ కింద సేద్యం చేసేవాళ్లకి శివారు అంటే ఏంటో చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట పూర్తి చేశాక డెల్టా మొత్తానికి నీళ్లొచ్చాయి. కానీ లాకుల దగ్గర పొలానికీ, కాలవ చివర పొలానికీ తేడా ఇప్పటికీ ఉంది. నీళ్లు తగ్గితే ముందు ఎండేది శివారే. ఆఫీసు పని కూడా కాలవలాగే వస్తుంది. అమెరికాలో ఆస్పత్రో బ్యాంకో పని వదిలితే, అది హైదరాబాద్, బెంగళూరు, చెన్నై కంపెనీలకి చేరి, అక్కడ ఎక్కువైనదీ, తేలికైనదీ, చవకగా చెయ్యాల్సినదీ రాజమండ్రి, కాకినాడ, భీమవరం దాకా పారుతుంది. ఇప్పుడు ఏఐ ముందు తాగేస్తున్నది సరిగ్గా ఆ తేలికైన పనినే. ఎగువన ఉన్న హైదరాబాద్‌లో ఒక టవర్ నిండుగా ఉందన్న వార్త చూసి శివారులో మేడ కట్టడానికి అప్పు తియ్యడం మంచిది కాదని నేను బావకి గట్టిగా చెప్పాను.

ఎగువన పరిస్థితి ఏంటి మరి? అక్కడ రెండు రకాల వార్తలూ నిజమే. 2025 జులైలో ఐటీ కంపెనీ టీసీఎస్ తన ఉద్యోగుల్లో 2 శాతం మందిని, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తున్నట్టు చెప్పింది. 2025 జూన్‌లో అమెజాన్ అధిపతి ఆండీ జాసీ, ఏఐ వల్ల రాబోయే ఏళ్లలో తమ ఆఫీసు ఉద్యోగులు తగ్గుతారని సిబ్బందికి రాశాడు. అక్టోబరులో 14 వేల కోత వచ్చింది. అయితే దాని తర్వాత అదే జాసీ, ఈ కోత ప్రస్తుతానికి ఏఐ వల్ల కాదు, కంపెనీలో పెరిగిన అంచెలు తగ్గించడానికి అన్నాడు. ఏ కోతకి ఏది కారణమో విడదియ్యడం అంత కష్టంగా ఉంది. కరోనా టైమ్‌లో ఎక్కువగా తీసుకున్నవాళ్లు, అమెరికాలో పెరిగిన వడ్డీలు, ఏఐ మిషన్లకి పెడుతున్న ఖర్చు, ఇవన్నీ కలిసే ఉన్నాయి. ప్రతి ఉద్వాసనకీ ఏఐ పేరు పెట్టడం కంపెనీలకి కూడా సుఖమైన జవాబే.

రెండో వైపు చూస్తే, 2023-24 నాటికి మన దేశంలో విదేశీ కంపెనీల సొంత ఆఫీసులు, జీసీసీలు అంటున్నారే, అవి 1,700 దాటాయి. వాటిలో సుమారు 19 లక్షల మంది పనిచేస్తున్నారు. బయటి కంపెనీకి ఇచ్చే పనిని ఇక్కడే సొంత ఆఫీసు పెట్టి చేయించుకుంటున్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో అయితే వంద ఆఫీసు అడుగుల్లో ముప్ఫైకి పైగా ఖాళీగా ఉన్న రోజుల్లోనే, 2023 అక్టోబరులో, చాట్‌జీపీటీ చేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ దాదాపు 4 లక్షల 86 వేల అడుగులు అద్దెకి తీసుకుంది. ఏఐ తయారు చేసేవాళ్లే ఒకచోట కూర్చుని పని చేస్తున్నారు. పాతబడ్డ బిల్డింగులు ఖాళీగానే ఉంటూ, మంచి చోట ఉన్న కొత్తవి నిండుతుంటే సగటు లెక్క చూసి ఏమీ తెలియదు.

అసలు ఏఐ కోసమే పుట్టిన కమర్షియల్ బిల్డింగ్ ఇంకొకటి ఉంది, డేటా సెంటర్. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెడతామని ప్రకటించింది. డేటా సెంటర్‌కి కుర్చీల లెక్క పనిచెయ్యదు. అక్కడ అద్దె అడుగుల్లో కాదు, కరెంటులో కొలుస్తారు, ఇన్ని కిలోవాట్లు, ఇన్ని మెగావాట్లు అని. కట్టేటప్పుడు వేల మంది పని చేస్తారు, కట్టాక లోపల తిరిగేవాళ్లు కొద్దిమందే. సర్వర్లు వేడెక్కుతాయి కాబట్టి చల్లబరచడానికి కరెంటో, నీళ్లో, రెండూనో కావాలి. విశాఖకి ఏలేరు రిజర్వాయరు నీళ్లు వెళ్తాయి, ఏలేరుకి పురుషోత్తపట్నం దగ్గర గోదావరి నీళ్లు ఎత్తిపోస్తారు. అందుకే ఆ నగరం నీటి వాడకం లెక్క మనకి పరాయి లెక్క కాదు. ఎన్ని నీళ్లు, ఎక్కడి నుంచి అని మనం ఇప్పుడే అడగాలి.

బిల్డింగ్ లోపల మార్పుల గురించి ఎక్కువ చెప్పను, అవి పెద్ద టవర్ల సంగతి. మనుషులున్న చోటే ఏసీ వెయ్యడం, లిఫ్ట్ చెడిపోకముందే కనిపెట్టడం లాంటివి. 2016లో గూగుల్ తన డేటా సెంటర్లలో డీప్‌మైండ్ ఏఐ వాడి చల్లబరిచే కరెంటు ఖర్చు 40 శాతం దాకా తగ్గించామంది. మా బావ మేడలో మూడు స్ప్లిట్ ఏసీలకి దాంతో పనిలేదు. అరవై పేజీల లీజు అగ్రిమెంటు చదివి లాకిన్ (ఖాళీ చెయ్యకూడని గడువు) ఎప్పటిదాకా, పెంపు ఎంత, మెయింటెనెన్స్ ఎవరిది అని ఏఐ తీసి చెప్పడం మాత్రం చిన్న ఓనర్లకి కూడా అక్కరకొస్తుంది. బావ అగ్రిమెంటు నేను అలాగే చదివించాను. మూడు నెలల నోటీసు ఇవ్వాలన్న క్లాజు దొరికింది. మేనేజరు ఒక్క నెలే ఇచ్చాడు. అయితే మిషన్ చెప్పిందని ఊరుకోకుండా కాగితం తీసి ఆ పేజీ మనమే చదవాలి, ఒక తారీఖు అది తప్పు చెప్పింది కూడా.

ఒక విషయం దగ్గర మాత్రం ఆగాలి. సీట్లో మనిషి ఉన్నాడో లేదో చూసే సెన్సరు కరెంటు ఆదా కోసమే అంటారు. అదే సెన్సరు ఎవరు ఎన్నిసార్లు లేచారో కూడా చెప్పగలదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉద్యోగానికి సంబంధించిన కొన్ని అవసరాలకి యజమాని మళ్లీ అనుమతి అడగక్కర్లేదు. రాత్రి షిఫ్టులో పనిచేసే ఆడపిల్ల బాత్రూమ్‌కి వెళ్లిన నిమిషాలు లెక్కపెట్టే ఆఫీసు ఎంత కొత్త టెక్నాలజీ వాడినా అది మంచి చోటు కాదు.

ఇప్పుడు డబ్బుల సంగతి. డెల్టాలో రొయ్యల డబ్బు, అమెరికా పిల్లలు పంపిన డబ్బు చాలావరకు భూమిలోకీ, బిల్డింగుల్లోకీ వెళ్తుంది. కమర్షియల్ ఆస్తి విలువ అద్దెని బట్టి కడతారు. బావ ఫ్లోర్ ఏడాది అద్దె 9 లక్షలు. కొనేవాడు పెట్టిన డబ్బుకి ఏడాదికి నూటికి 8 రావాలి అనుకుంటే విలువ కోటీ 12 లక్షలకి పైమాట. అద్దె సగమైతే అదే లెక్కన 56 లక్షలు. అద్దెకున్నవాళ్లు ఉంటారో లేదో అన్న భయంతో కొనేవాడు నూటికి 10 అడిగితే 45 లక్షలే. అద్దె పడింది సగమే, విలువ సగం కన్నా ఎక్కువ పడింది. భయం ఖరీదు అది. పైగా ఈ విలువ మీదే బ్యాంకు లోన్ ఉంటే టెన్షన్ ఇంకా ఎక్కువ.

మా వీధిలో ఒక మాస్టారు రిటైరయ్యాక వచ్చిన డబ్బు హైదరాబాద్‌లో ఇంకా కట్టని ఐటీ బిల్డింగ్‌లో చిన్న ముక్కకి పెట్టారు. కట్టేదాకా నెలనెలా అద్దె ఇస్తామన్నారు. పద్నాలుగు నెలలు వచ్చింది, తర్వాత ఆగింది. లేని బిల్డింగ్‌లో లేని కుర్చీకి అద్దె ఎక్కడి నుంచి వస్తుంది? ఆ పద్నాలుగు నెలలూ అద్దె పేరుతో ఆయన డబ్బులోనే కొంత ఆయనకి తిరిగి ఇచ్చారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు లేని ప్రీలాంచ్‌కి ఏ హామీ మీదా డబ్బు కట్టకండి. కమర్షియల్‌లో చిన్న మొత్తంతో వాటా కావాలంటే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో ఎస్ఎం రీట్ పద్ధతి తెచ్చింది, అంటే కొందరి డబ్బు కలిపి అద్దె వచ్చే ఆస్తిలో పెట్టడం. కనీసం 10 లక్షలు పెట్టాలి, స్కీమ్ ఆస్తిలో 95 శాతం కట్టడం పూర్తయి అద్దె వస్తున్నదై ఉండాలి. అక్కడ కూడా అద్దెకున్నది ఎవరు, వాళ్ల పని ఏఐ మింగే రకమా కాదా, లాకిన్ ఇంకా ఎన్నేళ్లు అన్నవి అడిగి తెలుసుకోవాలి.

నన్ను అన్నిటికన్నా కుదుటపడనివ్వనిది అద్దె కాదు, ఆ కుర్చీలో మొదటిసారి కూర్చునే పిల్లలు. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ అనే ఆర్థికవేత్త, ఆయన తోటివాళ్లు 2023లో ఒక పరిశోధన వెలువరించారు. కస్టమర్ సపోర్ట్‌లో 5 వేల మందికి పైగా ఉద్యోగులకి ఏఐ సాయం ఇస్తే సగటున పని 14 శాతం పెరిగింది, కొత్తవాళ్లకి 34 శాతం పెరిగింది. అనుభవజ్ఞుల మెళకువలు మిషన్ ద్వారా కొత్తవాళ్లకి అందాయి. అది చూసి నేను సంతోషించాను. 2025 ఆగస్టులో ఆయన స్టాన్‌ఫర్డ్ బృందమే ఇంకో లెక్క చూపించింది. ఏఐ ఎక్కువగా తాకే ఉద్యోగాల్లో 22 నుంచి 25 ఏళ్ల వాళ్ల ఉపాధి, మిగతావాళ్లతో పోలిస్తే 13 శాతం తగ్గింది. కొత్తవాళ్లకి బాగా సాయపడే సాధనమే కొత్తవాళ్లని తీసుకోనక్కర్లేకుండా చేస్తోంది.

భీమవరంలో, కాకినాడలో ఇంజినీరింగ్ చదివిన పిల్లలు కాలేజీలో నేర్చుకునేది సగం. మిగతా సగం పక్క కుర్చీలో ఉన్న సీనియర్ని చూసి నేర్చుకుంటారు. ఏ మెయిల్‌కి ఎలా జవాబు రాయాలో, తప్పు జరిగితే ఎవరికి ముందు చెప్పాలో ఎవరూ సిలబస్‌లో చెప్పరు. ఆఫీసుకి ఇంకా విలువ ఉందంటే నా దృష్టిలో అందుకే. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు ఆడవాళ్లకి వర్క్ ఫ్రమ్ హోమ్, ఊళ్లలో కోవర్కింగ్ చోట్లు అన్నారు. పెళ్లయి ఊరొచ్చిన అనుభవం ఉన్న అమ్మాయికి అది వరం. ఇరవై రెండేళ్ల పిల్లకి మాత్రం ఒంటరి గదీ, ల్యాప్‌టాపూ చాలవు.

బావ ఖాళీ సగం మూడు నెలలు అలాగే ఉంది. కోచింగ్ సెంటర్ వాళ్లు అడిగారు, డెంటల్ క్లినిక్ అడిగింది. మనిషి స్వయంగా రావాల్సిన పని కాబట్టి అవి భద్రమైన అద్దెలే. చివరికి బెంగళూరు నుంచి తిరిగొచ్చిన ఐదుగురు వచ్చారు. రొయ్యల ఎగుమతి కాగితాలకి సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఏఐ తోడుతో ఇరవై మంది పని ఐదుగురం చేస్తున్నాం అన్నారు. ఏడాది లాకిన్ చాలన్నారు, బావకి మూడేళ్లు కావాలి. "ఆయ్, ఏడాదికి కుదరదండి" అని రెండు రోజులు భీష్మించుకున్నాడు. నలుగురు ఫ్రెషర్లని తీసుకుంటామని వాళ్లు చెప్పాక రెండేళ్లకి దిగాడు.

వాళ్లకి క్యాబిన్లు వద్దట. రెండు వేర్వేరు ఫైబర్ లైన్లు, జనరేటర్ కనెక్షన్, మధ్యలో ఒక పొడుగు బల్ల అడిగారు. పాత ప్లైవుడ్ విప్పించి బావ చెరువు మీద మేత షెడ్డుకి పంపించేశాడు. బల్లకి ప్లగ్ పాయింట్లు ఎక్కడెక్కడ పెట్టాలో వాళ్లలో ఒక అబ్బాయి నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాడు: ఒక సీనియర్, పక్కన ఒక కొత్త పిల్ల, మళ్లీ సీనియర్. ఎలక్ట్రీషియన్ సోమవారం వస్తానన్నాడు.